అత్తయ్య పేరు మీద ద్రాక్షతోట

"టొరంటోకే వెళ్దాం, ఫైనల్. అమ్మ పేరు మీద పేపర్లు పెట్టేశా. సుధకి ఇప్పుడే చెప్పొద్దు."

రెండువేల పన్నెండు మార్చి మొదటివారంలో, అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ఇంటి లాండ్రీ గదిలో, డ్రయర్ దబదబా బాదుకుంటుండగా నా చెవిన పడ్డ మాటలివి. అన్నవాడు మా ఆయన దివాకర్. ఆయన గరాజ్‌లో ఫోన్లో ఉన్నాడు. మధ్యలో ఒక్క పల్చటి గోడ.

నేను క్యూఏ టెస్టర్ని. అంటే అనుమానించడానికి నాకు జీతమిస్తారు. బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఎవరో ఒట్టేసి చెప్పిన ప్రోగ్రాం ఎక్కడ చెడిందో పట్టుకోవడం నా వృత్తి. ఇంటికొచ్చాక అదే నా ప్రవృత్తి. తెలుగు సంఘం కార్యక్రమాల్లో యాంకరింగ్ కూడా నాదే. నాకు మైకివ్వరు. పాడవుతుందని కాదు, అక్కర్లేదని.

అలాంటిదాన్ని, ఆ రోజు నోరెత్తలేదు. ఆ ఏడాది మా వీధిలో రెండు కుటుంబాలు గ్రీన్‌కార్డు క్యూలో పచ్చగా నిలబడి, పండి, ఎండి, చివరికి టొరంటో వెళ్ళిపోయాయి. ఇప్పుడు మా వంతన్నమాట. నా ఇల్లు! గోడల రంగు దగ్గర్నుంచి తలుపు గొళ్ళెం దాకా నేనెంచుకున్న ఇల్లు. రెండు చలికాలాలు కంబళి కప్పి బతికించుకున్న కరివేపాకు మొక్క ఉన్న ఇల్లు. ఇవన్నీ వదిలి వెళ్ళాలి, అదీ నాకు చెప్పకుండా!

ఆయన్ని అడగొచ్చు. కానీ టెస్టర్ ఎప్పుడూ ప్రోగ్రాం రాసినవాణ్ణి అడగదు. ముందు సాక్ష్యం పట్టుకుంటుంది. సాక్ష్యం కోసం మా అత్తగారి గదిలోకి వెళ్ళాను.

మా అత్తయ్య వసంతలక్ష్మి. జనవరిలో ఆరునెలల వీసా మీద వచ్చింది. నెల్లూరు జిల్లా, వింజమూరు దగ్గర పల్లె. నలభై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. మరుసటేడే ఊళ్ళో ఆడవాళ్ళని వెంటేసుకుని సారా పాటలు ఆపింది. అంటే పాడే పాటలు కావు, సారా దుకాణాల వేలం పాటలు. మామగారు ఆ సారాకే పోయారు. అప్పటినుంచి ఆవిడదొకటే మాట: మందు చేరిన ఇంట్లో మంచినీళ్ళు ముట్టదు. సొంత అన్నగారింట్లో ఇరవై ఏళ్ళుగా ముట్టలేదు. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా గడప బయటే కూర్చుని లేచొస్తుంది. కొడుకింట్లో ఆ రోజొస్తే తర్వాతి విమానం ఎక్కేస్తానని వచ్చినరోజే చెప్పింది. చెప్పిందంటే చేసిందనే.

"అత్తయ్యా, మీ అబ్బాయి మనల్ని టొరంటో తీసుకెళ్తున్నాడు."

"అది యాడుంది?"

"కెనడాలో. ఇక్కడికంటే చలి."

"ఇంతకన్నా చలా!" అని శాలువా బిగించుకుంది. "అందుకా నా పాస్‌పోర్టు పట్టుకపోయినాడు? ఇన్సూరెన్సని నాలుగు సంతకాలు కూడా పెట్టించుకున్నాడే!"

"ఏం కాగితాలవి?"

"నాకేం తెలుసు, ఇంగిలీషూ గాదు, తెలుగూ గాదు. ఒకదాంట్లో మటుకు నా పేరొకటే ఉండె, పెద్ద పెద్ద అచ్చరాలతో. చుట్టూతా తీగలూ పూలూ. పేరు సరిగ్గా ఉందా జూడమ్మా అన్నాడు. పాస్‌పోర్టులో ఉండే హెచ్ వదిలేసినారు. నేనే దిద్దించినా." ఆ మాట చెబుతూ కాస్త నిటారుగా కూర్చుంది.

ఇన్సూరెన్స్ కాగితం మీద తీగలెందుకు? తీగ లాగితే డొంకంతా కదులుతుందని ఊరికే అనలేదు. ఇద్దరం కలిసి లాగడం మొదలుపెట్టాం. పదహారేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక పార్టీలో ఉండటం అదే మొదటిసారి. ఆవిడ గరాజ్ దగ్గర బట్టలు మడతపెట్టే కాపలా. నేను ప్రింటర్ దగ్గర మాటు.

ఉగాది ముందురోజు ప్రింటర్ ట్రేలో ఒక కాగితం మిగిలిపోయి దొరికింది. భాష స్పానిష్. నడుమ మా అత్తయ్య పేరు, హెచ్‌తో సహా. మా అనుష్క పదో తరగతి. స్కూల్లో స్పానిష్ తీసుకుంది. దాని ముందు పెట్టాను.

"మామ్, నాకు బీ మైనస్ వచ్చింది. సో, నో గ్యారంటీ," అని ముందే హెచ్చరించి వేలుపెట్టి చదివింది. "విన్యేదో... వైన్‌యార్డ్. ప్రొప్రియెతారియా అంటే ఓనర్. నానమ్మ ఓనర్! అర్జెంటీనాలో. అండ్ టొరొంతెస్... ఇది గ్రేప్ పేరు అనుకుంటా. వైట్ వైన్ చేస్తారంట."

టొరొంతెస్. డ్రయర్ దబదబలోంచి ఆ మాట మళ్ళీ వినబడింది. మూడువారాలుగా నేను పట్టుకున్న తప్పు నా చెవిదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తప్పు తనదైనప్పుడు ఏ టెస్టరూ తప్పు నమోదుచేసే టికెట్ తెరవదు.

అయితే ఊపిరి పీల్చుకునే లోపే రెండో మాట తలలో పడింది. వైన్. ఓనర్ మా అత్తయ్య.

"అనూ, నానమ్మకి చెప్పకు."

"వై? షీ హాజ్ ఎ వైన్‌యార్డ్! దట్స్ సో కూల్!"

"నానమ్మకి తెలిస్తే కూల్ కాదు, కొంప కూలుతుంది."

ఆ సాయంత్రమే ఉగాది సరుకులకని పక్క ఊరు కేరీలో ఇండియన్ స్టోర్‌కి ఆయన్ని తీసుకెళ్ళి, ఆయన కారు ఆపాక నావైపు మీట నొక్కి తలుపులు లాక్ చేశాను.

"అర్జెంటీనాలో ఏముంది?"

దివాకర్ చెయ్యి తలుపు మీదకి పోయి, మళ్ళీ స్టీరింగ్ మీదకొచ్చింది. "నీకెవరు చెప్పారు?"

"ప్రింటర్."

అప్పుడు వైనం మొత్తం బయటపడింది. వైన్ ఉన్నచోట వైనం ఉండదా! ఆయన స్నేహితుడు కోటేశ్వరరావు, ఒకప్పుడు హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మి, వాటికి రోడ్డెప్పుడు వస్తుందో చెప్పకుండా అమెరికా వచ్చేసిన మనిషి. ఇప్పుడు అర్జెంటీనాలో ఒక పెద్ద ద్రాక్షతోటని అరెకరం ముక్కలు చేసి విదేశాలవాళ్ళకి అమ్మే కంపెనీకి ఇక్కడ ఏజెంటు. అరెకరం కొంటే చాలు. దుక్కి, నీళ్ళు, కోత, వైను, అమ్మకం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మనకి లాభంలో వాటా.

"ఊరి పేరు?"

"కఫాయాతే. సాల్టా రాష్ట్రం."

"ఊళ్ళో కఫం, రాష్ట్రంలో సాల్టు. పుక్కిలించడానికి బావుంటుంది. మీరు చూశారా ఆ తోట?"

"శాటిలైట్‌లో చూపించాడు కోటి."

"శాటిలైట్‌లో చూస్తే చందమామ మీద కూడా ప్లాట్లు కనబడతాయి. రేపు వాళ్ళ గవర్నమెంటు కాదంటే?"

"డిసెంబర్‌లో చట్టం తెచ్చారు, విదేశీయులు ఇంతకుమించి భూమి కొనకూడదని. వేల ఎకరాలవాళ్ళకది. మన అరెకరానికి ఏం కాదన్నాడు."

"ఇక్కడ పదకొండేళ్ళుగా ఫారినర్లం. అది చాలక ఇంకో దేశంలో కూడా ఫారినర్లం అవ్వాలా?"

ఆయన నవ్వలేదు. నేను అసలు ప్రశ్నకొచ్చాను. "పెట్టేది పెట్టారు. అత్తయ్య పేరెందుకు పెట్టారు? ఆవిడ పేరా! వైన్‌తోటకా!"

"మొదటి స్థలం కావలిలో అమ్మ పేరు మీదే కొన్నా, కలిసొచ్చింది. నాన్న పోయాక మొదటి స్కూటరూ అమ్మ పేరు మీదే. భూమనేసరికి చెయ్యి దానంతటదే అమ్మ పేరు రాసేసింది, సుధా. ద్రాక్షతోట కదా అనుకున్నా. ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు."

ఇందులో అబద్ధం లేదు. మనవాళ్ళు మొదటి సెంటు భూమి అమ్మ పేరునో, ఇల్లాలి పేరునో రాస్తారు. ఆ చెయ్యికి అర్జెంటీనా తెలియదు, ఆత్మకూరు తెలియదు.

"మరి ఆ తీగలూ పూలూ ఉన్న కాగితం?"

"తోటలో మన వరస ముందు ఓనర్ పేరుతో బోర్డు పెడతారట. దానికి." ఆయన కొంచెం ఉత్సాహపడ్డాడు. "అందరూ వేసే షార్డొనే ద్రాక్ష వద్దన్నా. టొరొంతెస్ అక్కడి సొంత ద్రాక్ష. వాసన మల్లెపూలలా తియ్యగా ఉంటుంది, నోట్లో పోసుకుంటే తీపి ఉండదు. అందుకే దాన్ని అబద్ధాలకోరు అంటారట."

"మీ కోటికి దగ్గర చుట్టమన్నమాట."

ఆ కారులో నేనొక తప్పు చేశాను. అప్పటిదాకా పట్టుకునే పార్టీలో ఉన్నదాన్ని, దాచే పార్టీలోకి ఫిరాయించాను. ద్రాక్షతోట అని చెబుదాం, వైను మాట ఎత్తొద్దు అని ఒప్పందం. ఆవిడ జూలైలో ఊరెళ్ళేదాకా నెట్టుకొస్తే చాలు.

ఉగాది పచ్చడి చేతిలో పెట్టి దివాకర్ ఆ సగం నిజం చెప్పాడు. అత్తయ్య గిన్నె కిందపెట్టింది.

"నాకు తోటనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఆపకుండా అడిగింది. బోరా, కాలవా? ఎర్రనేలా, ఇసకనేలా? దివాకర్ ఫోన్లో కోత ఫొటోలు చూపించాడు.

"మార్చిలో కోతా?"

"భూమికి అటువైపు కదమ్మా. మనకి వసంతమైతే వాళ్ళకి ఆకురాలే కాలం."

ఆవిడ ఫొటోలో బుట్ట ఎత్తుకున్న ఒక ఆడమనిషి దగ్గర ఆగిపోయింది. "ఈ అమ్మికి కూలెంత?"

"తెలీదమ్మా, వాళ్ళే చూసుకుంటారు."

"తోటగలోడివి, కూలి తెలవదా? మునుపెవురిదీ తోట?"

"ఎవరో ముసలాయనది. అమ్మేశాడు."

"ఎందుకమ్మినాడు?"

దివాకర్ నావైపు చూశాడు. నేను పచ్చడిలో మామిడిముక్క వెతుక్కుంటున్నాను.

"సరే, తోటకి ఏం మందు గొడతారు?"

దివాకర్‌కి పొలమారింది. వేపపువ్వు ముక్కులోకి పోయిందని నేను వీపు మీద చరిచాను. అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పురుగుమందు గురించి అడిగితే ఈ బిడ్డలకెందుకింత గాభరా అన్న చూపు అది. ఆ రోజునుంచి కాపలా దిశ మారింది. ఇప్పుడు ఆవిడ బట్టలు మడతపెడుతూ కనిపెట్టేది మమ్మల్నిద్దర్నీ.

అయినా తోట మీద ప్రేమ మాత్రం దాచుకోలేదు. రోజూ పొద్దున్నే ఊరికి ఫోన్. "టొరంటోలో నాకు ద్రాచ్చతోట గొన్నాడు మావాడు!" టొరంటో మాట ఆవిడ చెవిలో వేసింది నేనే. దిద్దాలంటే డ్రయర్ కథ విప్పాలి. ఊరుకున్నాను. వింజమూరు చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళలో కెనడా ద్రాక్షకి ప్రసిద్ధి అయిపోయింది.

జూన్‌లో ఒక బుధవారం. నేను మేడమీద గదిలో ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. కింద బెల్ మోగింది. డెలివరీ అతని గొంతు, అత్తయ్య గొంతు వినబడ్డాయి. ఏదో అమెజాన్ బాక్స్ అనుకున్నాను. కాల్ ముగించుకుని ఇరవై నిమిషాల తర్వాత దిగాను.

వంటగట్టు మీద అట్టపెట్టె తెరిచి ఉంది. పక్కన ఆవిడ పాస్‌పోర్టు. మందు సీసాలు ఇంటికి తెస్తే పెద్దవాళ్ళెవరో గుర్తింపు చూపించి సంతకం పెట్టి తీసుకోవాలి. పెట్టె ఆవిడ పేరునే వచ్చింది. ఆవిడే చూపించింది, ఆవిడే పెట్టింది.

పన్నెండు సీసాలు. లేతపసుపు రంగు. ఒకటి చేతిలో పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదకి దించి, రాత్రిబడిలో నేర్చుకున్నట్టే ఒక్కో అక్షరం మీదా వేలు జరుపుతూ చదువుతోంది. తీగల మధ్య, పూల మధ్య ఆవిడ పేరు. వరస ముందు పెట్టే బోర్డు కాదు అది. ఓనర్ పేరే సీసా మీద పేరు.

నేను గడపలోనే నిలబడిపోయాను. ఆవిడ చివరి అక్షరం దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, ఒకచోట వేలు ఆపింది.

"హెచ్ పెట్టినారు," అంది.

సీసాని మిగతావాటి పక్కన సరిగ్గా నిలబెట్టింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అలమరలోంచి తను ఊరినుంచి తెచ్చుకున్న చెంబు తీసుకుని, వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గడ్డికి నీళ్ళు పట్టే పైపు తిప్పి, చెంబు నింపుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుని తాగింది.

నా నోటికి ఒక్క జోకు కూడా తట్టని గంట అది.

దివాకర్ వచ్చేసరికి ఆవిడ ఇంకా మెట్టు మీదే ఉంది. ఆయన షూస్ విప్పకుండానే గడ్డిలో కూర్చున్నాడు.

"అమ్మా, సీసా మీద వేస్తారని నిజంగా తెలీదు. ఒప్పందంలో ఏడో పేజీ చదవలేదు."

"నేను చదవలేక సంతకం బెట్టినా. నువ్వు చదవగలిగి పెట్టించినావు."

ఆయన ఇప్పుడు షూ లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

"మీ నాయన సచ్చిపోయిన్నాడు నువ్వు హాస్టల్లో ఉండావు. ఆ సీసా మీదా ఎవురిదో పేరుండె. అప్పుడు నాకు చదవను రాదు." కాసేపు పైపు కారడం చూసింది. "ఇట్టాంటియ్యి ఇంకెన్నుండాయి లోకంలో, నా పేరుతో?"

"ఈ పన్నెండే. నిరుటి పంటలోవి, ఓనర్‌కి బహుమతి. ఈ ఏడు పంటకి నువ్వు సంతకం పెడితేనే అచ్చేస్తారు."

"తోట నాదా, నీదా?"

"నీదే అమ్మా."

"అయితే ముందు ఇయ్యి ఇంట్లోంచి తియ్యి. ఆ కోటేశ్వరరావుని ఆదివారం రమ్మను."

గరాజ్ ఇంట్లో భాగమా కాదా అని మా ఆయన అడిగి చూశాడు. భాగమే అని తీర్పొచ్చింది. సీసాలు కారు డిక్కీలోకి వెళ్ళాయి. కారు ఇంటిముందు రోడ్డు మీదకి వెళ్ళింది. నాలుగు రోజులూ అత్తయ్య పెరటి కుళాయి నీళ్ళే తాగింది. విమానం మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తనందుకే మాకు భయం వేసింది. దివాకర్ ఎయిర్‌లైన్స్ నుంచి ఏ మెయిలొచ్చినా అదిరిపడేవాడు.

శనివారం పొద్దున నన్ను కేకేసింది. "సుధా, ఆ సీసాలు పెరట్లోకి దెప్పియ్యి. తొట్టి దే." ప్లాస్టిక్ తొట్టిలో ఎండకి కాగిన పైపు నీళ్ళు పోసి, సీసాలు ముంచింది. గంట నానాక, ఒక్కో లేబులూ గోటితో, చిరగకుండా, మూల దగ్గర్నుంచి ఊడదీసింది. నేనూ కూర్చున్నాను. నావి మూడు చిరిగాయి. ఆవిడది ఒక్కటీ చిరగలేదు. తువ్వాలు పరిచి, అప్పడాలు ఆరబెట్టినట్టు పన్నెండు పేర్లూ వరసగా ఆరబెట్టింది.

"పారేద్దామా అత్తయ్యా?"

"ఎందుకు పారేసేది? నా పేరేం తప్పు జేసింది?" చిరిగిన మూడింటిలో ముక్కలు జతచేస్తూ, "నీకు ఎప్పుడు దెలుసు?" అంది.

టెస్టర్ని టెస్ట్ చేసే ప్రశ్న. "ఉగాది ముందురోజు."

"ఊఁ" అంది. అంతే. ఆ 'ఊఁ' నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆదివారం సాయంత్రం కోటేశ్వరరావు తన వ్యాన్‌లో వచ్చాడు. తోటలో ముక్కలు కొన్న మరో రెండు కుటుంబాలూ వచ్చాయి. పెరట్లో కుర్చీలు వేశాం. నున్నటి సీసాలు చూసి కోటికి కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. "ఎండలో పెట్టారా అమ్మగారూ! పాడైపోతుంది. లేబుల్ లేకపోతే అదేం వైనో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు దెల్సు. కాయితం దెచ్చినావా?"

తెచ్చాడు. ఈ ఏడు పంటని ఏం చేయాలో ఓనర్ చెప్పే కాగితం. అనుష్క అందరిముందూ నిలబడి చదివింది. "మూడు బాక్సులున్నయి నానమ్మా. ఒకటి వైన్. ఒకటి ఫ్రూట్‌గా సెల్ చేయడం. ఒకటి... రెయిజిన్స్. కిస్మిస్."

అత్తయ్య మూడో గడిలో టిక్కు పెట్టింది. కింద తెలుగులో సంతకం పెట్టింది.

"అమ్మగారూ, ఆ ద్రాక్షని కిస్మిస్ చేయడమంటే... పట్టుచీరని మసిగుడ్డ చేసినట్టండీ. లాభం రాదు."

"నాయనా, ఆ ముసలాయన తోట ఎందుకమ్మినాడో కనుక్కున్నావా? కోసే ఆడోళ్ళకి కూలెంతో కనుక్కున్నావా? అయ్యి దెలవకుండా నా లాభం నీకెట్టా దెల్సు?"

కోటి దగ్గర దానికి బ్రోషర్ లేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో కూడా దొరకలేదు. పెట్టుబడిలో పెట్టుడు అయిపోయి బడి ఒక్కటే మిగిలిందని నేను చాలాసార్లు అన్నాను, కానీ ఆ రోజు అనలేదు.

మాట మార్చడానికి కోటే అన్నాడు. "అయినా అమ్మగారూ, తోట టొరంటోలో ఉందని ఊళ్ళో అందరికీ చెప్పారట! మా బావ కావలి నుంచి ఫోన్ చేసి, మంచులో ద్రాక్ష ఎలా పండిస్తున్నావురా అని ఒకటే నవ్వు."

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆవిడ నావైపు తిరిగింది. "సుధే జెప్పింది."

"టొరంటో ఏంటి సుధా?" అన్నాడు దివాకర్.

ఇక తప్పలేదు. నిలబడి, మైకు లేకుండానే, మొత్తం చెప్పాను. డ్రయర్ దబదబ, పల్చటి గోడ, టొరొంతెస్ టొరంటో అయిపోవడం, నేను దొంగచాటుగా రెజ్యూమె దిద్దుకోవడం, కరివేపాకు మొక్కని కెనడా సరిహద్దు దాటించొచ్చా అని ఎవరో ఆఫీసరుకి ఫోన్ చేయడం, ఆయన కర్రీ అంటే పొడి అనుకుని పొడైతే తెచ్చుకోవచ్చనడం. కోటి కుర్చీలోంచి జారాడు. అనుష్క పొట్ట పట్టుకుంది.

దివాకర్ మాత్రం నవ్వలేదు. "మూడువారాలు అడక్కుండా ఉన్నావా?"

"మీరు చెప్పకుండా ఉన్నారుగా!"

"ఒకరు జెప్పరు, ఒకరు అడగరు," అంది అత్తయ్య. "నడిమధ్య నా పేరు బెట్టినారు."

కోటి లేచి, సీసాలు గుడ్డల్లో చుట్టుకుని వ్యాన్ ఎక్కించుకున్నాడు. వ్యాన్ వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ మెట్టు మీదే నిలబడి చూసింది. తర్వాత చెంబు పట్టుకుని లోపలికొచ్చింది. వంటింటి కుళాయి తిప్పి, చెంబు నింపి, నిలబడే గటగటా తాగింది. దివాకర్ తలుపు పట్టుకుని చూస్తున్నాడు.

మూతి తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఊళ్ళో తెల్లవారుతూ ఉంటుంది. స్పీకర్ ఆన్ చేసింది, మేమూ వినాలని.

"ఒసే, ఇనండి అందరూ. అది టొరంటో గాదంట. టొరొంతెసంట, ద్రాచ్చ పేరంట. తోట అర్జెంటీనాలో ఉండాదంట. మా కోడలికి బట్టలారేసే మిషన్ గోలలో సరిగ్గా ఇనబళ్ళా. మావోడు ఇనేదాకా జెప్పలా." తువ్వాలు మీద ఆరిన పేర్లవైపు చూసుకుంది.

"తోట మటుకు నాదే."